బాత్రూమ్‌లో మురుగు పొంగింది, ఇన్సూరెన్స్ వస్తుందా?

రాత్రి పదిన్నర దాటాక బాత్రూమ్‌లో నీళ్లు పోయే ట్రాప్‌లోంచి గుడగుడమని చప్పుడు మొదలైంది. మొదట ఎవరం పట్టించుకోలేదు. కాసేపటికి జాలీ మీదికి నల్లటి నీళ్లు ఉబికాయి. మేం తుడుస్తూనే ఉన్నాం, అవి గడప దాటి పడకగదిలోకి వస్తూనే ఉన్నాయి. తెల్లారేసరికి చెక్క బీరువా అడుగు పలక ఉబ్బిపోయి తలుపు పట్టేసింది. పొద్దున్నే ప్లంబర్ వచ్చి, బయట చాంబర్ (మురుగు పైపులు కలిసే తొట్టి) మూత ఎత్తి, లైన్‌లోకి రాడ్లు తోసి అడ్డం తీశాడు. వెళ్తూ ఒక చీటీ రాసిచ్చాడు: "పాత లైన్. పైపు అరిగిపోయి జామ్ అయింది. క్లీన్ చేశాను." ఆ చీటీనే క్లెయిమ్ ఫారానికి జతచేసి పంపాను. కొన్ని వారాలకు తిరస్కరణ లేఖ వచ్చింది. అరుగుదల వల్ల జరిగిన నష్టం పాలసీ పరిధిలోకి రాదట.

ఆ 'అరుగుదల' అన్న మాట కంపెనీ సొంతంగా పుట్టించింది కాదు, మా ప్లంబర్ చీటీలోదే. అతను పైపు లోపల ఏముందో చూడలేదు. అడ్డం తీసి, అలవాటు కొద్దీ నాలుగు మాటలు రాశాడు. నేనూ దాని గురించి ఆలోచించకుండా పంపేశాను. ఆ తర్వాత పాలసీ పత్రం ముందేసుకుని చాలా రోజులు కూర్చుంటే గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. మనకు డ్రైన్ సమస్య అంటే ఒకటే, మురుగు ఇంట్లోకి వచ్చింది. పాలసీ మాత్రం మూడు ప్రశ్నలు అడుగుతుంది. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? ఎందుకు వచ్చాయి? పాడైన పైపు ఎవరిది? ఈ మూడింటి జవాబులను బట్టి అదే మురుగు, అదే గది, అదే బీరువా ఒకసారి క్లెయిమ్ అవుతుంది, ఇంకోసారి అవదు.

ఒక ఘటన, నాలుగు బిల్లులు

డ్రైన్ పొంగిన ఇంటికి సాధారణంగా నాలుగు రకాల ఖర్చులు వస్తాయి. అడ్డం తీయించడానికి ఒకటి. పగిలిన పైపు మార్చడానికి ఒకటి. ఆ పైపు దాకా వెళ్లేందుకు నేల పగలగొట్టి, పని అయ్యాక మళ్లీ మూయడానికి ఇంకొకటి. తడిసి పాడైన గోడలు, నేల, సామానుకి మరొకటి. మనం అన్నీ కలిపి ఒకే మొత్తంగా అడుగుతాం. నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ మాత్రం వాటిని విడదీసి చూస్తారు.

అనుకోకుండా జరిగిన నష్టాన్ని పూడ్చడానికి ఇంటి బీమా ఉంది. ఇంటిని బాగుగా ఉంచుకోవడం యజమాని బాధ్యత. అందుకే అడ్డం తీయించే ఖర్చు మామూలు ఇంటి పాలసీలో సాధారణంగా ఉండదు. దాన్ని నిర్వహణ కింద లెక్కేస్తారు. బ్రిటన్‌లో దీనికోసం 'హోమ్ ఎమర్జెన్సీ కవర్' అని విడిగా అమ్ముతారు. రాత్రికి రాత్రి మనిషిని పంపి, పరిమితికి లోబడి సమస్యను అప్పటికి అదుపు చేస్తారు. చాలామంది దీన్ని ఇంటి బీమా అనుకుని పొరబడతారు. ఈ కవర్ మురుగు ఆగేదాకా చూసుకుంటుంది, పాడైన నేలా గోడా దాని లెక్కలో ఉండవు.

రెండో బిల్లు, మూడో బిల్లు మధ్య ఒక విచిత్రం ఉంది. పైపు పగలడానికి కారణం అరుగుదలే అని తేలితే ఆ పైపు ముక్క ఖర్చు మనమే పెట్టుకోవాలి. కానీ దాన్ని వెతకడానికి నేల తవ్విన ఖర్చు, పూడ్చిన ఖర్చు కొన్ని పాలసీల్లో వస్తాయి. బ్రిటన్ పాలసీల్లో దీన్ని 'ట్రేస్ అండ్ యాక్సెస్' అంటారు. చాలా సందర్భాల్లో పైపు ముక్క కంటే తవ్వకమే ఎన్నో రెట్లు ఖరీదు. కాబట్టి పాలసీ తీసుకునే ముందు ఒక్క లైన్ మాత్రమే చదివే ఓపిక ఉంటే, నేనైతే ఈ లైన్ చదవమంటాను.

నాలుగో బిల్లులో ఇంకో చీలిక. నేల, గోడ, బిగించిన అరలు భవనం కిందికి వస్తాయి. బీరువా, పరుపు, పుస్తకాలు సామాను కిందికి వస్తాయి. భవనానికి మాత్రమే బీమా ఉంటే ఉబ్బిన బీరువాకు పైసా రాదు. అద్దెకుండేవారికి ఇది తిరగబడి ఉంటుంది: భవనం యజమానిది, సామాను వాళ్లది, రెండు పాలసీలు వేరు.

నీళ్లు ఎటు నుంచి వచ్చాయి

అన్నిటికంటే ఎక్కువ క్లెయిములు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయని నా అనుమానం. ఎందుకంటే బయటికి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి.

మన ఇంటి పైపే పగిలో, మూసుకుపోయో మన నీళ్లే వెనక్కి వస్తే అది ఒక రకం. వీధిలోని పెద్ద మురుగు లైన్ నిండిపోయి అక్కడి నీళ్లు మన ట్రాప్‌లోంచి పైకి తన్నితే అది రెండో రకం. వీధి మునిగి, గుమ్మంలోంచి నీళ్లు లోపలికి వస్తే వరద. నేలలోంచి నీరు ఊరి, గోడకు తేమ ఎక్కితే భూగర్భ జలం. నాలుగింటికీ పాలసీలో నాలుగు చోట్లు ఉంటాయి.

రెండో రకం ఎలా జరుగుతుందో కొంచెం చూడాలి. రెండు గ్లాసుల్ని అడుగున గొట్టంతో కలిపితే నీటి మట్టం రెండింటిలో సమానంగా నిలుస్తుంది. వీధి మ్యాన్‌హోల్, మన బాత్రూమ్ ట్రాప్ ఆ రెండు గ్లాసుల్లాంటివి. వీధి లైన్ నిండి మ్యాన్‌హోల్ మూత దాకా నీళ్లు వస్తే, ఆ మట్టం కంటే కింద ఉన్న ప్రతి ట్రాప్, ప్రతి కమోడ్ ఒక ఊట అవుతుంది. జర్మనీలో ఈ మట్టాన్ని 'వెనుకపోటు మట్టం' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, సాధారణంగా వీధి ఉపరితలాన్నే ఆ మట్టంగా తీసుకుంటారు. దానికి కింద ఉన్న సెల్లార్లకు, కింది అంతస్తు బాత్రూమ్‌లకు ముప్పు ఎక్కువ. దీనికి మందు నాన్-రిటర్న్ వాల్వ్: నీళ్లను బయటికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అక్కడ ఈ నష్టానికి మామూలు ఇంటి పాలసీకి తోడు ప్రకృతి విపత్తుల కవర్ తీసుకోవాలి. ఆ వాల్వ్ పనిచేసే స్థితిలో ఉంచడం పాలసీదారు బాధ్యతగా షరతుల్లో రాస్తారు. వాల్వ్ ఉన్నంత మాత్రాన చాలదు. అందులో జుట్టు, కొవ్వు పేరుకుని రేకు మూసుకోకపోతే వాల్వ్ లేనట్టే. శుభ్రం చేయించిన రసీదు దాచుకోమనేది అందుకే.

2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో కొన్ని గంటల్లోనే 100 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. నగరపు మురుగు లైన్లు అంత నీటిని మోయలేకపోయాయి. ఎన్నో ఇళ్ల సెల్లార్లలోకి మురుగు ఎగదన్నింది. ఆ ఇళ్ల పైపుల్లో ఏ లోపమూ లేకపోవచ్చు. వాన నీరు, మురుగు ఒకే లైన్‌లో పారే నగరాల్లో ఇది ఎక్కడైనా జరగగలదు.

అమెరికాలో ఎక్కువమంది తీసుకునే హెచ్‌ఓ-3 రకం ఇంటి పాలసీ ఈ వెనుకపోటు నీటిని సూటిగా మినహాయిస్తుంది. డ్రైన్లలోంచి వెనక్కి వచ్చిన నీరు, సంప్ (ఇంటి కింద ఊరే నీటిని పోగుచేసే గుంట) లోంచి పొంగిన నీరు కవర్ కావని అందులో రాసి ఉంటుంది. కావాలంటే అదనపు ప్రీమియం కట్టి 'వాటర్ బ్యాకప్' ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు నిబంధన, చేర్చుకోవాలి. ఇంటి నుంచి వీధి దాకా భూమిలో ఉండే సొంత పైపులకు 'సర్వీస్ లైన్' అని మరో ఎండార్స్‌మెంట్. ఇక అక్కడి ప్రభుత్వ వరద బీమా పథకం మురుగు ఎగదన్నిన నష్టాన్ని ఒప్పుకోవాలంటే, ఆ ప్రాంతంలో వరద వచ్చి, ఆ వరదే ఎగదన్నడానికి అసలు కారణమై ఉండాలి. అంటే వరద లేకుండా మురుగు ఎగదన్నితే, ఎండార్స్‌మెంట్ లేని ఇంటివాళ్లు రెండు పాలసీలు చేతిలో పెట్టుకుని కూడా ఖాళీగా మిగులుతారు.

భారతదేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. అందులో వరద, ముంపు ఉన్నాయి. నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగడం కూడా ఉంది. ఇంటి నిర్వచనంలో సెప్టిక్ ట్యాంకును కూడా చేర్చారు, ఇది చాలామంది గమనించని సంగతి. వీధి మురుగు లైన్ ఎగదన్నడం అన్నదానికి మాత్రం విడిగా పేరు పెట్టలేదు. వాన ముంపుతో పాటు జరిగితే ముంపు కిందికి తేవడం సులువు. ఎండాకాలంలో వీధి లైన్ జామ్ అయి ఎగదన్నితే వాదన తప్పకపోవచ్చు. నా సలహా: పాలసీ తీసుకునే ముందే ఈ ఒక్క ప్రశ్నను కంపెనీకి ఈమెయిల్‌లో రాసి అడగండి, జవాబును పాలసీతో పాటు భద్రంగా ఉంచండి. ఏజెంట్ ఫోన్‌లో "అన్నీ వస్తాయండీ" అన్న మాట రేపు ఎక్కడా చూపించలేం.

ఎందుకు జరిగింది

బీమా చట్టంలో 'ఆసన్న కారణం' అనే సూత్రం ఉంది. ఆసన్నం అంటే కాలంలో చిట్టచివర వచ్చింది అనుకుంటాం. 1918లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ అర్థం సరికాదని తేల్చింది. ఇకారియా అనే ఓడకు 1915లో టార్పెడో తగిలింది. ఎలాగో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవుకు చేర్చారు. గాలివాన రావడంతో రేవులోనే చోటు మార్చారు. అక్కడ సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడల్లా ఓడ అడుగు నేలకు తగిలి, చివరికి మునిగిపోయింది. యజమానులు సముద్రపు ఆపద అన్నారు. యుద్ధ నష్టం పాలసీలో మినహాయింపు కాబట్టి కంపెనీ టార్పెడోనే కారణమంది. న్యాయమూర్తులు కంపెనీ వైపు మొగ్గారు. అన్నిటికంటే బలంగా పనిచేసిన కారణమే ఆసన్న కారణం, గడియారంలో ఆఖరిది కాదు అన్నారు.

డ్రైన్‌కు దీన్ని పట్టించి చూడండి. ఆ రాత్రి పైపును మూసేసింది జుట్టు, కొవ్వు ముద్ద. కానీ ఆ ముద్ద సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది? అక్కడ పైపు కుంగిందా, జాయింట్ జరిగిందా, వేరు దూరిందా? జవాబు అక్కడుంటుంది.

కొవ్వు సంగతి చిన్నది కాదు. వేడిగా పోసిన నూనె పైపులో చల్లబడి, నీటిలోని కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థంగా మారుతుంది. తడి వైప్స్ దానికి పీచులా తోడవుతాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద బయటపడ్డ ఇలాంటి గడ్డ 250 మీటర్ల పొడవు, దాదాపు 130 టన్నుల బరువు ఉంది. ఇంటి పైపులో ఇది మెల్లగా పేరుకుంటుంది కాబట్టి కంపెనీలు దీన్ని యజమాని వాడకం ఖాతాలో వేస్తాయి. ఇందులో నాకు పెద్ద అన్యాయం కనబడదు.

వేర్ల దగ్గర మాత్రం గీత అంత తేలికగా గీయలేం. గట్టిగా ఉన్న పైపును వేరు మామూలుగా బద్దలుకొట్టదు. జాయింట్ దగ్గర తేమ ఊరుతుంటే దారం లాంటి వేరు ఒకటి లోపలికి దూరుతుంది. లోపల నీళ్లు, ఎరువు దండిగా దొరికేసరికి గుబురుగా పెరిగి పైపునిండా జడలా అల్లుకుంటుంది. మరి తప్పు చెట్టుదా, జాయింట్‌దా? కొన్ని పాలసీలు వేర్ల నష్టాన్ని ప్రమాదంగా ఒప్పుకుంటాయి, కొన్ని క్రమంగా జరిగిన నష్టమని తోసేస్తాయి, కొన్ని పేరు పెట్టి మినహాయిస్తాయి. పాలసీలో 'వేర్లు' అన్న మాట ఉందో లేదో వెతుక్కోవడం తప్ప దారి లేదు.

కొన్నిసార్లు పైపు పుట్టుకతోనే బలహీనం. బ్రిటన్‌లో 1950ల నుంచి 1970ల దాకా చెక్క పీచును బొగ్గు తారులో నానబెట్టి చేసిన పైపులు విరివిగా వేశారు. అమెరికాలో అలాంటివాటిని ఆరెంజ్‌బర్గ్ పైపులంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి మెత్తబడి, బొబ్బలెక్కి, గుండ్రం పోయి నొక్కుకుపోతాయి. ఇలాంటివాటికి 'స్వాభావిక లోపం' అనే మినహాయింపు ఎదురొస్తుంది. ఇల్లు కొన్నవాళ్లకు భూమిలో ఏ పైపు ఉందో తెలిసే అవకాశమే లేదు. ఈ ఒక్క మినహాయింపు చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

నెలల తరబడి చిన్నగా కారిన నష్టం దాదాపు అన్ని చోట్లా మినహాయింపే. ఇల్లు వరుసగా 30 రోజులో, 60 రోజులో ఖాళీగా ఉంటే నీటి నష్టానికి కవర్ ఆగిపోయే పాలసీలూ ఉన్నాయి. ఊరెళ్లే ముందు చూసుకోవాలి.

పైపు ఎవరిది

మన గోడ లోపలి పైపు మనది, వీధి లైన్ ప్రభుత్వానిదో నీటి సంస్థదో. మధ్యలో ఉన్నదే చిక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 అక్టోబర్ 1న చట్టం మారింది. పక్కింటివాళ్లతో కలిసి వాడుకునే మురుగు లైన్లు, మన హద్దు దాటాక ఉండే పైపులు చాలావరకు నీటి సంస్థల చేతికి వెళ్లాయి. అంతకుముందు రోజు దాకా ఇంటివాళ్లు చేయించుకోవాల్సిన పని, ఆ రోజు నుంచి ఒక్క ఫోన్ కాల్‌తో అయ్యే పని అయింది. అక్కడ బీమా క్లెయిమ్ వేసే ముందు పైపు ఎవరిదో కనుక్కోవడం అందుకే మొదటి మెట్టు.

అపార్ట్‌మెంట్లలో అన్ని అంతస్తుల మురుగు దిగే నిలువు పైపు ఉమ్మడి ఆస్తి. అది జామ్ అయితే పొంగేది కింది అంతస్తులో, అడ్డం వేసింది పైన ఎవరో తెలియదు. భవనం మొత్తానికి అసోసియేషన్ పాలసీ ఉందా, అందులో ఉమ్మడి పైపులు ఉన్నాయా అన్నది మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న. పొంగిన రోజు అడిగితే గొడవే.

మొదటి కొన్ని గంటలు

మురుగునీటిని శుభ్రం చేసే వృత్తివాళ్లు నీటి నష్టాన్ని మూడు తరగతులుగా చూస్తారు. డ్రైన్‌లోంచి వచ్చింది మూడోది, అన్నిటికంటే మురికిది. అందులో నానిన పరుపు, తివాచీ, చెక్కపొట్టు పలక ఆరబెట్టి వాడుకోదగ్గవి కావు, పారేయాల్సిందే. కానీ పారేసే ముందు ఫొటోలు తీయాలి, వీలైతే సర్వేయర్ వచ్చేదాకా బయట ఒక మూల ఉంచాలి. కరెంటు మెయిన్ ఆపకుండా తడి గదిలో అడుగు పెట్టకూడదు. గోడ మీద మురుగు గీత ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి ఫొటో తీస్తే, తర్వాత ఎంత వాదించినా ఆ ఫొటో మారదు. చాంబర్ మూత తీసినప్పుడు లోపల నీళ్లు నిండుగా ఉన్నాయా, ఖాళీగా ఉన్నాయా అన్నది కూడా ఫొటో తీయాలి. చాంబర్ నిండుగా ఉంటే అడ్డం దాని తర్వాత, వీధి వైపు ఉన్నట్టు. ఖాళీగా ఉంటే ఇంటికీ చాంబర్‌కూ మధ్య ఉన్నట్టు. పైపు ఎవరిదన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క ఫొటోలో దొరుకుతుంది.

మా ఇంట్లో ఆ ఫొటో లేదు. తిరస్కరణ లేఖ వచ్చాక ఒక డ్రైన్ సర్వే మనిషిని పిలిచాను. బొటనవేలంత కెమెరాను వైరు చివర కట్టి లైన్‌లోకి పంపాడు. తెర మీద మొదట జిగట నలుపు, తర్వాత నీళ్ల మెరుపు, ఆ తర్వాత ఆరో మీటరు దగ్గర కెమెరా ఒక మెట్టుకు తగిలినట్టు ఆగింది. పైపు అడ్డంగా విరిగి, ముందు ముక్క ఒక వేలెడు కిందికి దిగిపోయింది. విరిగిన అంచు పదునుగా, తెల్లగా ఉంది. మిగతా పైపంతా పట్టిన నల్లటి పాకుడు ఆ అంచుకు లేదు. పాత పగులైతే అది కూడా నల్లబడి ఉండేది. ఆ చోటు మీదుగానే పక్క స్థలంలో కట్టడానికి కంకర లారీలు కొన్ని వారాలు తిరిగాయి. ఆ మెట్టు మీద జుట్టు, కొవ్వు చిక్కుకుని గడ్డ కట్టింది.

మా పాలసీలో భూమిలోని పైపులకు ప్రమాదవశాత్తూ జరిగే నష్టం కవర్ అయి ఉంది. నష్టం పాలసీ పరిధిలో ఉందని చూపించే బాధ్యత మనది, మినహాయింపు వర్తిస్తుందని చూపించే బాధ్యత కంపెనీది. ఇది చాలా దేశాల్లో ఒప్పుకున్న నియమమే. మొదటిసారి కంపెనీ పనిని నా చీటీ చేసిపెట్టింది. రెండోసారి వీడియో, కొలతలతో రిపోర్టు, లారీలు తిరిగిన తేదీలు పెట్టి పునఃపరిశీలన కోరాను. కంపెనీ దగ్గర పని జరగకపోతే భారతదేశంలో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా వెళ్లొచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు, కంపెనీ తుది జవాబు వచ్చిన 6 నెలల్లోపు.

మాకు అంతదాకా రాలేదు. రెండో సర్వేయర్ వచ్చి, వీడియో ఆరో మీటరు దగ్గర ఆపి రెండుసార్లు చూసి వెళ్లారు. పైపు, తవ్వకం, పడకగది నేల ఖర్చు ఇచ్చారు. బీరువాకు తరుగుదల తీసేసి ఇచ్చారు. ఆ పొద్దున ప్లంబర్ అడ్డం తీసిన కూలీ మాత్రం రాలేదు. అది నిర్వహణ ఖర్చని రాశారు. దాని మీద నేను వాదించలేదు.